గర్భసంచి తీసేసినా తగ్గని నొప్పి

నెలల తరబడి పొత్తికడుపు నొప్పి, ఉబ్బరం, కొన్నాళ్లు మలబద్ధకం, కొన్నాళ్లు విరేచనాలతో బాధపడే మహిళకు స్కానింగ్‌లో గర్భాశయంలో చిన్న గడ్డ కనిపిస్తే, నొప్పికి కారణం దొరికినట్టే భావించి ఆపరేషన్ దాకా వెళ్లడం తెలుగు రాష్ట్రాల్లో కొత్త కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తొలగించుకున్నవారు దేశంలో 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. ఇవన్నీ అనవసరమైనవని అనలేం. అయితే పేగులో పుండు, వాపు వంటివి కనిపించకపోయినా నొప్పి, మలవిసర్జనలో తేడాలు తెచ్చే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ (ఐబీఎస్) ఉన్న మహిళలకు ఈ ఆపరేషన్ ఇతరులకంటే ఎక్కువగా జరుగుతున్నట్టు అమెరికా అధ్యయనాల్లో వెల్లడైంది. పేగు నొప్పిని గర్భాశయానికి అంటగట్టడం ఇందుకు ఒక కారణమని నా అభిప్రాయం. విరేచనం ఎలా అవుతోందో అడగకుండా ఆపరేషన్‌కు తేదీ ఇవ్వకూడదు.

ఐబీఎస్ నిర్ధారణకు అంతర్జాతీయ నిపుణులు రూపొందించిన 2016 నాటి రోమ్-4 ప్రమాణాలున్నాయి. బాధ కనీసం ఆరు నెలల కిందట మొదలై, గత మూడు నెలలుగా సగటున వారానికి ఒక రోజైనా నొప్పి రావాలి. ఆ నొప్పికి మలవిసర్జనతో సంబంధం, విరేచనాల సంఖ్యలో మార్పు, మలం గట్టిదనంలో మార్పు అనే మూడింటిలో కనీసం రెండు ఉండాలి. మలంలో రక్తం, బరువు తగ్గడం, రాత్రి నిద్ర లేపే విరేచనాలు, రక్తహీనత కనిపిస్తే మాత్రం లోతైన పరీక్షలు తప్పవు. ఇక్కడే మనకొక చిక్కుంది. 2019-21 సర్వేలో దేశంలో 57 శాతం మహిళలకు రక్తహీనత ఉందని తేలింది. అది అంత మామూలైపోవడంతో, నెలసరి వల్లేనని ఐరన్ మాత్రలిచ్చి పంపేస్తే పేగులోని రక్తస్రావం కంటపడకుండా పోతుంది. యాభై దాటాక కొత్తగా ఇలాంటి లక్షణాలు మొదలైతే అండాశయ క్యాన్సర్ పరీక్ష చేయాలని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. నెలసరి రోజుల్లో మలవిసర్జన నొప్పిగా ఉంటే గర్భాశయ లోపలి పొరలాంటి కణజాలం బయట పెరిగే ఎండోమెట్రియోసిస్‌నూ అనుమానించాలి.

ఎంత ముక్కినా మలం రాని కొందరిలో లోపం కటి కండరాల సమన్వయంలో ఉంటుంది. వారికి విరేచన మందులకంటే ఆ కండరాల పనితీరును తెరపై చూపుతూ సరిగ్గా వాడటం నేర్పే బయోఫీడ్‌బ్యాక్ శిక్షణ మేలు.

చికిత్సలో ఇసబ్‌గోల్ వంటి కరిగే పీచు పదార్థం తొలి మెట్టు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, కొన్ని పప్పులు తగ్గించే ఆహార విధానం పలువురికి ఉపశమనమిస్తుంది, కానీ అది కొన్ని వారాలకే పరిమితం; తర్వాత ఒక్కొక్కటీ తిరిగి చేర్చి, ఏది పడదో తేల్చుకోవాలి. ఇంటిల్లిపాదికీ వండి, అదే తినే గృహిణికి ఇది ఎంత కష్టమో డాక్టరు, కుటుంబం కూడా గుర్తించాలి. అప్పటికీ తగ్గకపోతే, డిప్రెషన్‌కూ వాడే అమిట్రిప్టిలిన్ అనే మందు తక్కువ మోతాదులో మేలు చేస్తుందని 2023లో బ్రిటన్‌లో వెలువడిన ట్రయల్ చూపింది. అది పేగు నుంచి మెదడుకు చేరే నొప్పి సంకేతాలను తగ్గించడానికని డాక్టరు ముందే చెప్పాలి. చెప్పకపోతే, డిప్రెషన్ మాత్ర అని మందుల షాపులో విన్న రోజే ఆమె దాన్ని పక్కన పెట్టేస్తుంది.