బావగారి శీకాయ కంచె

శీకాయ చాలామందికి పొడిగా తెలుసు, కొందరికి కాయగా తెలుసు. తీగగా తెలిసినవాళ్లు తక్కువ. వాళ్లు కూడా దానికి కాస్త ఎడంగా నిలబడే మాట్లాడతారు. అడవిలో చెట్లను పట్టుకుని పైకి ఎగబాకే మొండిఘటం అది. కాండం మీద ముళ్లు, కొమ్మల మీద ముళ్లు, చివరికి ఆకు ఈనె మీద కూడా ముళ్లే. అన్నీ కొక్కేల్లా వంగి ఉంటాయి.

మా బావగారికి దొంగలంటే టెన్షన్. గోడ మీద గాజుపెంకులు గుచ్చిద్దామంటే అక్క ఒప్పుకోలేదు. అప్పుడు ఆయనకు శీకాయ తట్టింది. "పువ్వు పూస్తుంది, కాయ కాస్తుంది, కాపలా కూడా కాస్తుంది. ఇంకేం కావాలి?" అన్నారు.

పెంపకంలో మాత్రం ఆయన్ని వేలెత్తి చూపలేం. గింజ పైపొర చాలా గట్టిది, ఊరికే మట్టిలో పడేస్తే తీరిగ్గా ఎప్పుడో మొలుస్తుంది. అందుకని వేడినీళ్లు పోసి రాత్రంతా నానబెట్టారు. ఉబ్బినవాటిని సంచుల్లో నాటి, ఉబ్బనివాటిని గరుకుకాగితం మీద కాస్త రుద్ది మళ్లీ నానబెట్టారు. వానలు మొదలయ్యాక, నీరు నిలవని చోట, ఎండ బాగా తగిలే గోడ పక్కన గుంతలు తీసి పెట్టారు. వెదురు తడికెలు దీని బరువుకు ఆగవని ఇనుప పైపులు పాతించారు. మొదట్లో సన్నసన్నటి ఆకులతో ఎంత ముద్దుగా ఉండేదో! అక్క రోజూ పలకరించి నీళ్లు పోసేది. కాయలు రావడానికి కొన్నేళ్లు పడుతుంది గానీ, ముళ్లు మాత్రం మొదటి ఏడాదే వచ్చేస్తాయి.

దొంగ ఒక్కడూ రాలేదు. అక్క చీరకొంగు, పిల్లల బంతి, కేబుల్ కుర్రాడి టోపీ వరసగా దొరికిపోయాయి. ఇక కత్తిరించక తప్పదని ఒక ఆదివారం బావగారు పెద్ద కత్తెర పట్టుకుని బయల్దేరారు. కొసల నుంచి మొదలుపెట్టాలి, పొడుగు చేతుల చొక్కా వేసుకోవాలి, తోలు గ్లౌజులు ఉండాలి అని నాకు పావుగంట క్లాసు పీకి, తను మాత్రం పొట్టి చేతుల చొక్కాతో, లోపలెక్కడో ఎండుకొమ్మ కనబడిందని నేరుగా దూరిపోయారు.

దూరేటప్పుడు ఏ ఇబ్బందీ ఉండదు, అదే దీని మాయ. ముళ్ల మొనలన్నీ కొమ్మ మొదలు వైపు తిరిగి ఉంటాయి. కొస నుంచి మొదలు వైపు పోయేవాడికి దారి ఇస్తాయి. వెనక్కి తిరిగితే అప్పుడు పట్టుకుంటాయి.

"ఏవండీ, మీకు ఫోను."

"తర్వాత చేస్తానని చెప్పు."

"తర్వాత అంటే ఎప్పుడని అడుగుతున్నారు."

తీగలోంచి జవాబు రాలేదు.

అంతకుముందే పేపరు కోసం వచ్చి ఇంట్లో కూర్చున్న పక్కింటి బాబాయిగారు పరిస్థితి చూసి, పంచె ఎగ్గట్టి, బావగారి నడుం పట్టుకుని వెనక్కి లాగారు. చొక్కా చర్రుమంది.

"వెనక్కి లాగకండి బాబాయిగారూ! ముందుకు తొయ్యండి!"

"మనిషిని కంపలోకి తొయ్యమంటావేంటయ్యా?"

"ముందుకు జరిగితేనే ముల్లు వదులుతుంది. మొన ఎటు ఉందో చూసుకోవాలి..." అంటూ ఆయన కొమ్మల్లోంచే ఉపన్యాసం అందుకున్నారు. చెప్పింది అక్షరాలా నిజం. నేను దగ్గరికి వెళ్లి చూశాను. బియ్యపు గింజలో సగం కూడా లేని ముల్లు కాలరు నేతలో ఒకే ఒక్క దారాన్ని పట్టుకుంది. వేలితో ముందుకు నెడితే టక్కున వదిలింది. ఆ సంతోషంలో బావగారు కదిలారు, భుజం మీద ఇంకో నాలుగు పట్టుకున్నాయి.

చివరికి తెలివైన సలహా అక్కే ఇచ్చింది. "మీరు రండి, చొక్కా ఉండనివ్వండి." బావగారు బొత్తాలు విప్పి, కత్తెర అక్కడే వదిలేసి, నేలబారుగా పాకి బనీనుతో బయటపడ్డారు. చొక్కా తీగ మధ్యలో చేతులు చాపుకుని నిలబడి ఉంది.

"సరే, నేను వెళ్లొస్తానమ్మా," అని బాబాయిగారు గేటు దాకా పోయి ఆగారు. ఎవరు లోపలికొచ్చినా వెంటనే తాళం వేసి చెవి జేబులో పెట్టుకోవడం బావగారి అలవాటు. ఆ జేబు ఇప్పుడు తీగలో ఉంది.

"పర్లేదు, గోడ దూకి పోతాలే," అంటూ బాబాయిగారు మళ్లీ పంచె ఎగ్గట్టారు. గోడ వైపు ఒకసారి చూసి, పంచె దించుకుని, వరండాలో కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"చూశారా, కంచె ఎలా పనిచేస్తోందో!" అన్నారు బావగారు.