థర్మోస్టాట్ పీకేసేవాళ్లకో దండం

"ఇంజిన్ వేడెక్కుతోందా? థర్మోస్టాట్ పీకేయండి, దెబ్బకి దారికొస్తుంది." ఈ సలహా ఎవరి నోట విన్నా నాకు ఒళ్లు మండుతుంది. ఒకసారి నేనూ నమ్మి పీకించుకున్నాను మరి. థర్మోస్టాట్ అంటే, ఇంజిన్ వేడిని లాగే కూలెంట్ ద్రవాన్ని అది చల్లారే రేడియేటర్‌లోకి ఎప్పుడు వదలాలో చూసుకునే వాల్వు.

టెంపరేచర్ ముల్లు నిజంగానే దిగింది. దిగి, మామూలు చోటుకి ఇక రానేలేదు. మైలేజీ పడిపోయింది. ఎండలో ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే మాత్రం మళ్లీ పాత కథే, కూలెంట్ మరిగి పొంగిపోయేది. చివరికి వేరే మెకానిక్ చూస్తే అసలు దొంగ దొరికాడు: రేడియేటర్ మూత! దాని రబ్బరు వాషర్ ఎండి బీటలిచ్చింది, ప్రెషర్ ఆగడం లేదు.

కూలింగ్ సిస్టమ్ అన్న పేరులోనే తిరకాసు ఉంది. ఇంజిన్‌ని వీలైనంత చల్లబరచడం దాని పని కాదు, సరైన వేడిలో ఉంచడం. థర్మోస్టాట్‌లో ఓ మైనం గుళిక ఉంటుంది. చాలా కార్లలో 80, 90 డిగ్రీల మధ్య అది కరిగి, ఉబ్బి, వాల్వుని తెరుస్తుంది. అప్పటిదాకా కూలెంట్ రేడియేటర్ వైపు పోకుండా ఇంజిన్ చుట్టూనే తిరుగుతుంది. అది లేకపోతే ఇంజిన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. ఆయిల్‌లో చేరిన తడి ఆరక జిడ్డు కడుతుంది.

ఇక ఆ మూత. నీళ్లు 100 డిగ్రీలకి మరుగుతాయని బళ్లో చదువుకున్నాం. బయటి గాలి ప్రెషర్‌కి అదనంగా మూత పట్టి ఉంచే సుమారు 1 బార్ (దాదాపు మళ్లీ అంతే) ప్రెషర్‌లో అవే నీళ్లు 120 దాకా మరగవు. సగం కూలెంట్ కలిస్తే ఇంకాస్త పైకి. అందుకే ఇంజిన్ వేడి మీద మూత తీయొద్దనేది. ప్రెషర్ పోయిన మరుక్షణం లోపలిదంతా ఒక్కసారిగా మరిగి మొహం మీదకి చిమ్ముతుంది.

"కూలెంట్ దేనికి, కుళాయి నీళ్లు చాలవా" అనే బ్యాచ్ వేరే ఉంది. మీ ఇంజిన్ హెడ్, రేడియేటర్ చాలావరకు అల్యూమినియం, బాబూ! తుప్పు పట్టనివ్వని మందులు కూలెంట్‌లో ఉంటాయి, కుళాయి నీళ్లలో ఉండేది సున్నం. ఆ సున్నం రేడియేటర్ సన్న గొట్టాల్లో పేరుకుంటుంది. అలాగని నీళ్లు కలపకుండా చిక్కటి కూలెంటే పోసేయకండి, వేడిని బాగా లాగేది నీళ్లే. డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపండి. రంగు చూసి కొనకండి, రంగుకి ప్రమాణమేదీ లేదు. మాన్యువల్‌లో ఏ రకం రాశాడో చూడండి.

కొత్త మూత, కొత్త థర్మోస్టాట్ వేయించాక ముల్లు మధ్యలో బుద్ధిగా కూర్చుంది. పాత థర్మోస్టాట్ ఏదని మొదటి మెకానిక్‌ని అడిగితే, "పారేశాం సార్, అది అడ్డమే కదా" అన్నాడు.