వాయించడానికి వచ్చినోళ్ళు పాటను మార్చొచ్చా

ఫోన్‌లో పాడి దాచుకున్న గరుకు డెమోలో (పాట తొలి చిత్తు రికార్డింగులో) నలుగురు అతిథి వాద్యకారులు చేయి పెట్టాక అది ఎవరి పాట అవుతుంది? సినిమాకు కాకుండా సొంతంగా పాటలు చేసుకునేవాళ్ళు హైదరాబాదులో ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాళ్ళు ఎక్కడ కూర్చున్నా ఈ ప్రశ్న లేస్తుంది. దాన్ని ఇద్దరు మనుషుల మధ్య పెట్టి వాదానికి దించాను. అక్క పాటలు కడుతుంది. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభకు దగ్గర్లో, ఇంటిమీద చిన్న గదే ఆమె స్టూడియో. తమ్ముడిది వయొలిన్, కృష్ణానగర్, ఫిల్మ్‌నగర్‌లలో కాల్షీట్ల మీద పని. వాదానికి వచ్చిన పాట, బోనాల పొద్దున రాత్రి డ్యూటీ దిగి ఇంటికి నడిచే ఒక నర్సు గురించి. నా మొగ్గు తమ్ముడివైపు. అయినా అక్క మాటల్లో తోసెయ్యలేనివి ఉన్నాయి కాబట్టి మొదటి మాట ఆమెకే.

అక్క: డెమోను మీరంతా చిత్తుకాగితం అనుకుంటరు. నాకు అదే అసలు. పాట ఎటు పోతదో నాకే తెల్వనప్పుడు పాడింది అది. రెండో చరణంలో మాట దొరకక "తననా" అని లాగిన చోట గొంతు ఒణికింది. తర్వాత మాటలొచ్చినయ్, మంచి మైకు వచ్చింది, ఎన్నిసార్లు పాడినా ఆ ఒణుకు మాత్రం రాలేదు. ఎట్లా వస్తది? దారి తెల్సినంక తడబడితే అది నటన.

తమ్ముడు: ఆ ఒణుకు ఉంచుకో అక్కా, నేను అడ్డం రాను. కానీ డెమోలో నీ గొంతు ఒక్కటే లేదు గదా. కీబోర్డు ఉంది, లాప్‌టాప్‌లోంచి తీసిన డ్రమ్ లూప్, అదే మళ్ళీ మళ్ళీ తిరిగే దరువు ముక్క, ఉంది. అవి పాట అడిగినవి కావు, ఆ రాత్రి నీ చేతికి అందినవి. వినీ వినీ అవి కూడా పాటలో భాగమే అనిపిస్తది. ట్రాకులన్నీ కలిపి సరిచేసే మిక్సింగ్ ఇంజనీర్లు దీన్నే డెమోయిటిస్ అంటరు. కొత్త వాయిద్యం ఏది వచ్చినా తప్పుగా వినబడతది, అది తప్పయి కాదు, డెమోలో లేదు కాబట్టి.

అక్క: పేరు పెట్టినంత మాత్రాన నా చెవి రోగం అయిపోదు. మొదటిసారి నచ్చినదానికి ఒక కారణం ఉంటది.

తమ్ముడు: అయితే కారణమే చూద్దాం. పల్లవి శహాన రాగంలో కట్టినవ్. శహాన ప్రాణమంతా గాంధారంలో, అదే 'గ' స్వరంలో ఉంటది, అది ఒక్కచోట నిలబడే స్వరం కాదు. కీబోర్డులో ఆ మెట్టు నొక్కితే నిలబడిపోయింది. ఇదే కారణానికి ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని దూరం పెట్టింది. అంత కఠినంగా ఉండాల్నా అంటే నేను అననుగానీ, వాళ్ళు భయపడ్డది ఉత్తదానికి కాదు. నీ గొంతు గాంధారాన్ని సరిగ్గానే ఊపింది. కింద కీబోర్డు దాన్ని పట్టి ఆపుతుంది. అది పాడింది నువ్వే, ఆపిందీ నువ్వే. వీణ రాంగానే ఆ గొడవ పోయింది.

అక్క: గొడవ పోయింది, పాట కూడా పోయింది. వీణ వాయించిన ఆమె గొప్ప కళాకారిణి, అందులో రెండో మాట లేదు. శ్రుతి సంగతే తీసుకో. నేను పాడింది అయిదున్నరలో. అంత పైకి తంతి బిగిస్తే తెగుతదన్నది, నాలుగుకు దించినం. దించంగనే నా గొంతు స్థిమితపడింది, అందరూ బాగుందన్నరు. కానీ ఆ నర్సు పన్నెండు గంటలు నిలబడి వస్తున్న మనిషి. స్థిమితం ఎక్కడిది ఆమెకు? పైశ్రుతిలో నా గొంతు పడ్డ కష్టం ఆమె కష్టమే. ఇగ వీణ మొదలయినంక శహాన అంతా వినిపించింది. ఎక్కడెక్కడ మలుపులున్నయో అన్నీ. అన్నానికి వచ్చినవాళ్ళు ఇల్లంతా సర్దిపెట్టి పోయినట్టయింది. మాటలు వెనక్కి పోయినయ్.

(శ్రుతి గురించి ఆమె చెప్పింది నిజమని నా చెవికీ అనిపిస్తుంది. అతిథి సౌకర్యం కోసం పాటను దించడం చిన్న మార్పుగా కనిపిస్తుంది. గొంతు స్వభావమే మారిపోతుంది.)

తమ్ముడు: శ్రుతి దించింది పొరపాటే అనుకో. పైశ్రుతికి సరిపడే వేణువును పిలవాల్సింది, ఏ శ్రుతికి ఆ వేణువు దొరుకుతది. కానీ అది ఎవర్ని పిలవాలన్న తీర్పులో లోపం. పిలవడమే తప్పని దాన్నుంచి తేలదు. డప్పు సంగతి చెప్పు మరి.

అక్క: డప్పు వేరు.

తమ్ముడు: ఎందుకు వేరు? అది నీకు నచ్చింది కాబట్టా?

అక్క: చెప్త, విను. బోనాల పాట గదా అని నేను లూప్ మీద తీన్‌మార్ కొట్టమన్న. డప్పు వాయించే పెద్దాయన కొట్టిండు, తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయినా అది ఊరేగింపు పాట అయిపోయింది. పైగా లోపల ఏసీ చల్లదనానికి తోలు వదులైపోతుంది. రెండుసార్లు వాయిస్తే శ్రుతి దిగుడే. మంట పెట్టి కాచుకుందామంటే స్టూడియోలో మంట ఎక్కడిది? అందుకని మేడమీదికే పోయినం. పక్కన కాగితాలు కాల్చుకుంటూ డప్పు వేడి చేసుకున్నడు. కింద ఆర్టీసీ క్రాస్ రోడ్స్ వైపు పోయే బస్సుల మోత.

తమ్ముడు: అప్పుడే గదా లూప్ తీసెయ్యమన్నడు.

అక్క: లూప్ తీసెయ్యమన్నడు, క్లిక్, అదే లయ కోసం చెవిలో కొట్టే టిక్‌టిక్, వద్దన్నడు. "నీ పాట ఒక్కటే చెవిలో పెట్టమ్మా" అన్నడు. మాటలు విన్నడు. విని, "రాత్రంతా నిలబడ్డ మనిషి తీన్‌మార్ ఎట్లా నడుస్తది?" అన్నడు. చిటికెన పుల్లతోని మెల్లగా, ఆగి ఆగి మొదలుపెట్టిండు. పల్లవి ఆఖరు మాట అయిపోయేదాకా చెయ్యి ఆపి చూసిండు. నా డెమోలో అక్కడ రెండు దెబ్బల ఖాళీ ఉంటే ఆయన చేతిలో నాలుగు అయింది. ఆమె ఆ ఖాళీలో రోడ్డు దాటుతుందని నాకు అప్పుడు తెల్సింది. పాట రాసిన నాకు అంతకుముందు తెల్వదు.

తమ్ముడు: ఇంకేం కావాలె? నేను మొదట్నుంచీ ఇదే చెప్తున్న.

అక్క: ఆగు. ఆయన దేన్ని విన్నడు? పాలిష్ పట్టిన ట్రాక్‌నా? నా గరుకు డెమోలోంచి గొంతు ఒక్కటి విన్నడు. అన్నీ అమర్చి పంపి ఉంటే లూప్‌లోనే ఇమిడిపోయేవాడు. కాబట్టి డెమోను కాపాడుకోవాలన్న నా మాట కూడా నిలబడుతుంది.

తమ్ముడు: నిలబడుతుంది. ఇంకో మాట కలుపుత. స్టూడియోల నుంచి నాకు వచ్చే ఫైళ్ళు చూడు. స్ట్రింగ్స్ అన్నీ ముందే కీబోర్డు మీద వాయించి ఉంటయ్. దాని మీద అసలు వయొలిన్ పెట్టాలె. విల్లు ఎక్కడ తిప్పాలో, ఊపిరి ఎక్కడ పీల్చుకోవాలో అన్నీ అయిపోయి ఉంటయ్. నేను చేసేది రంగు వెయ్యడం. గరుకు డెమో పంపినవాళ్ళ దగ్గరే నేను నిజంగా వాయిస్త.

అక్క: మరి ఇళయరాజా? ప్రతి వాయిద్యానికీ స్వరం రాసి చేతికిస్తరు, రాసింది రాసినట్టు వాయించాలె. అతిథి ఇష్టానికి వదిలింది ఉండదు. ఆ పాటల్లో ప్రాణం లేదంటవా?

తమ్ముడు: ఎట్లా అంట? కానీ ఆయన మనసులో వయొలిన్ వయొలిన్‌లాగానే వినిపిస్తది, వేణువు వేణువులాగానే. విల్లు ఎక్కడ తిరుగుతదో తెల్సి రాస్తరు. అట్లా వినగలిగినవాళ్ళకు డెమోనే అక్కర్లేదు. ఇంకో పక్కన రెహమాన్ ఉన్నరు. వాద్యకారుల్ని స్వేచ్ఛగా వాయించనిచ్చి, తర్వాత అందులోంచి ఏరుకుంటరని ఆయనతో పనిచేసినోళ్ళు చెప్తరు. ఇద్దరిలో ఎవరి పద్ధతి నీదో ముందే తేల్చుకో. నువ్వు కాగితం ఇవ్వవు, ఖాళీ కూడా ఇవ్వవు. డెమో పంపి "ఇట్లాంటిదే, కానీ ఇంకా మంచిగ" అంటవ్. దాంతోని ఎవరైనా ఏం చేస్తరు?

అక్క: ఆ మాట సరే. కానీ ఏరుకోవడం అన్నవ్ గదా, అది నాకు భయం. బాస్ గిటార్ బెంగళూరు నుంచి వచ్చింది. 24 బిట్ ఫైల్, రివర్బ్ అనే మోగుడు కలపకుండా, పాట మొదటి సెకను నుంచి లెక్క కుదిరేటట్టు, అన్నీ పద్ధతిగా పంపిండు. బోలెడు టేకులు. ఒకదాంట్లోంచి ముందుభాగం, ఇంకోదాంట్లోంచి వెనకభాగం కోసి కలిపిన. బానే ఉంది. కానీ ఆయన అట్లా ఎప్పుడూ వాయించలేదు. అది ఎవరి వాయింపు?

తమ్ముడు: నీదే. ఆయన ముడిసరుకు ఇచ్చిండు. పాతరోజుల్లో అందరూ ఒకే హాల్లో కూర్చుని వాయించేది. ఒకరు తప్పితే మొదటినుంచి మళ్ళీ. అందుకే ఒకరినొకరు వినేవాళ్ళు. ట్రాకులు విడివిడిగా రికార్డు చేసుడు వచ్చినంక ఆ వినడం పోయింది. దూరం నుంచి చేసేటప్పుడు కనీసం ఫోన్‌లో మాట్లాడు, పాట దేని గురించో చెప్పు. పెద్దాయనకు అర్థం తెల్సింది కాబట్టే చెయ్యి ఆపిండు. బాస్ అతనికి మాటలు పంపినవా?

అక్క: గైడ్ ట్రాక్, అదే దారి చూపడానికి నేను పాడిన రికార్డు, పంపిన. అతనికి తెలుగు రాదు.

తమ్ముడు: అర్థం చెప్పడానికి పది నిమిషాలు పట్టేది.

(ఇక్కడ అక్క జవాబు చెప్పలేదు, నేనూ చెప్పించను. దూరం నుంచి చేసిన పాటలు చల్లగా ఉండడానికి ఇంటర్నెట్ కారణం కాదని నా గట్టి నమ్మకం. పాట గురించి మాట్లాడుకోకపోవడమే కారణం.)

అక్క: సరే, అసలు చిక్కు ఇది చెప్పు. ఆ నాలుగు దెబ్బల ఖాళీ డప్పు ఆయనది. రేపు పాట నలుగురికీ నచ్చితే ఆ ఖాళీ వల్ల కూడా నచ్చుతది. అప్పుడు పాట ఎవరిది? వచ్చినోళ్ళంతా తలా ముక్కా మాదంటే నాకేం మిగులుతది?

తమ్ముడు: రాసిందే వాయించినోళ్ళు అడగరు, నేను అడగను. కాల్షీట్ డబ్బులు తీసుకుని పోత. కానీ కొత్తగా అల్లినోళ్ళ సంగతి వేరు. ఇంగ్లండు రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ వాళ్ళ ముచ్చటే చూడు. "ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై" వాళ్ళలో కీబోర్డు వాయించే రిచర్డ్ రైట్ కట్టిన బాణీ. 1972 కచేరీల్లో దాని మీద బైబిల్ మాటలు టేపులో నడిపేవాళ్ళు. 1973 జనవరిలో క్లేర్ టోరీ అనే గాయనిని పిలిచి మాటల్లేకుండా పాడమన్నరు. ఆమె గొంతునే వాయిద్యం చేసి అప్పటికప్పుడు అల్లింది. చేతికి 30 పౌండ్లు ఇచ్చి పంపిన్రు. ఇయ్యాల ఆ పాట తల్చుకుంటే ముందు ఆమె గొంతే వినిపిస్తది గదా. 2004లో ఆమె కోర్టుకెక్కింది, 2005లో రాజీ కుదిరింది, తర్వాత రచయితల వరుసలో రైట్ పక్కన ఆమె పేరు వచ్చింది. ముప్పై ఏళ్ళు పట్టింది అక్కా.

అక్క: అది లండన్.

తమ్ముడు: మన దగ్గర కూడా చట్టం ఉంది. స్వరం కాగితం మీద రాసినా రాయకపోయినా, సంగీతం కట్టినవాళ్ళే స్వరకర్త అని 1957 కాపీరైట్ చట్టం చెప్తది. పెద్దాయనకు స్వరం రాయడం రాదు కాబట్టి ఆయన చేసింది లెక్కలోకి రాదనడానికి లేదు. 2012 సవరణలో వాయించినోళ్ళకు, పాడినోళ్ళకు వ్యాపారంగా వాడుకున్నప్పుడు రాయల్టీ హక్కు కూడా చేర్చిన్రు. ఒక డప్పు లయకు కోర్టులో ఎంత తూకం పడుతదో నేను చెప్పలేను, కానీ కోర్టుదాకా ఎందుకు పోవాలె? రికార్డింగ్ అయిన రోజే ఒక కాగితం మీద రాసుకోవచ్చు. ఎవరు ఏం చేసిన్రు, ఎవరికి ఎంత.

అక్క: ఆయన అడగలేదు.

తమ్ముడు: అడగనోళ్ళకే ముందు ఇయ్యాలె. ఆషాఢంలో బోనాలకు, తర్వాత పెండ్లిళ్ళకు పిలుపులు ఉంటయ్, మిగతా నెలలు ఎట్లా గడుస్తయో నీకు తెల్వదా? మేడమీద అరపూట వాయించి పోయిండు. పాట మాత్రం ఏళ్ళకేళ్ళు తిరుగుతది.

అక్క: ఇస్త. లయ కూర్పు అని ఆయన పేరు, వాటా కూడా. దాంట్లో నాకు రెండో ఆలోచన లేదు, ఇంతకుముందు అడిగేవాళ్ళు లేకపోయిన్రు అంతే. కానీ వీణకు అదే లెక్క పెట్టకు. ఆమెకు ఇవ్వాల్సింది పూర్తిగా ఇచ్చేసిన. పల్లవిలో వీణ తీసేస్తున్న, శ్రుతి మళ్ళీ అయిదున్నరకు తీసుకుపోతున్న. రెండో చరణంలో డెమో గొంతే పెడుత. ఫోన్‌లో రికార్డు అయింది, వెనక ఫ్యాను చప్పుడు ఉంది, ఉండనీ.

తమ్ముడు: ఫోన్ గొంతు పెడితే నాకు సంతోషమే. కానీ దాంట్లో క్లిక్ లేదు, డప్పు పక్కన పడితే లయ జారుతది. పెద్దాయన్ని మళ్ళీ పిలిచి ఆ గొంతు మీదనే వాయించమనాలె. వీణ దగ్గర మాత్రం నువ్వు తప్పు చేస్తున్నవ్. మొత్తం తీసేసే బదులు రెండు చరణాల మధ్య ఒక్క ఆవర్తం, అదే తాళం ఒక చుట్టు, ఉంచు. ఆ గాంధారం ఒక్కసారన్నా సరిగ్గా వినిపించాలె.

అక్క: నా గొంతులో వినిపిస్తది. కింద కీబోర్డు కూడా తీసేస్తున్న గదా, ఇంక దాన్ని ఆపేది ఏముంది?

తమ్ముడు: కీబోర్డు తీసేస్తవా? మరి కింద ఏం ఉంటది?

అక్క: డప్పు, బాస్. మాటలు మలిగే చోట నువ్వు. ఒక్క వయొలిన్, నీకు ఏమీ రాసియ్యను. పాట ఏంటిదో నీకు తెల్సు.

తమ్ముడు: వాయిస్త. వీణ టేక్ మాత్రం తుడిచెయ్యకు.

అక్క: తుడవను. ఈ పాటలో పెట్టను.