మూత మూస్తే నిద్రపోవాలి కదా!

పోయిన శుక్రవారం రాత్రి బెంగళూరు మారతహళ్లిలో గుంటూరు బస్సెక్కాను. విండోస్ బదులు లైనక్స్ వేసుకున్న నా లాప్‌టాప్ మూత మూసి, బ్యాగులో పెట్టి, బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా. కేఆర్ పురం దాటేసరికి తొడ మీద ఇస్త్రీ పెట్టె పెట్టినట్టుంది. తెల్లారి ఇంట్లో తెరిస్తే స్క్రీన్ వెలగలేదు. ఎక్కేటప్పుడు బ్యాటరీ 90 శాతం.

రూమ్మేట్‌కి చెప్తే, "ముందే చెప్పా కదా బావా, విండోస్ వేసుకో అని" అన్నాడు. వాడి ఆఫీసు లాప్‌టాప్ విండోసే. అదీ బ్యాగులో కాగుతుంది, ఆ మాట మాత్రం ఎత్తడు.

సంగతేమిటంటే, లైనక్స్‌లో సిస్ అనే సిస్టమ్ ఫోల్డర్ కింద పవర్ ఫోల్డర్‌లో మెమ్ స్లీప్ అని ఓ ఫైలుంటుంది. టెర్మినల్‌లో క్యాట్ అనే కమాండ్ కొట్టి దాన్ని చదివితే మామూలుగా రెండు మాటలు కనిపిస్తాయి: ఎస్ టు ఐడిల్, డీప్. ఇవి రెండు రకాల నిద్రలు, ఏది నడుస్తోందో దానికి చదరపు బ్రాకెట్లు. మొదటిది కోడికునుకు, ప్రాసెసర్ కాస్త విశ్రాంతిగా ఉంటుందంతే, చిన్న కదలికకే లేచి కూర్చుంటుంది. డీప్ అంటే ర్యామ్‌కి తప్ప దాదాపు అన్నిటికీ కరెంటు కట్. నా దాంట్లో డీప్ అన్న మాటే లేదు.

లాప్‌టాప్ కంపెనీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే "మేం విండోస్‌కే సపోర్ట్ ఇస్తాం సార్". సరే అని బయాస్‌లో, అంటే మెషీన్ ఆన్ కాగానే వచ్చే సెట్టింగుల్లో, ఒక్కో మెనూ తెరుచుకుంటూ పోయా. పవర్ కింద స్లీప్ స్టేట్ అని ఓ ఆప్షన్, అందులో విండోస్, లైనక్స్ అని రెండు! లైనక్స్ పెట్టి రీబూట్ చేశా. డీప్ వచ్చింది, బ్రాకెట్లూ దానికే పడ్డాయి. లక్ష పైన పోసి వర్క్‌స్టేషన్ కొన్నవాడికి ఈ ఒక్క ముక్క ఎక్కడా రాసిపెట్టలేకపోయారా? మాన్యువల్లో చార్జర్ తడి చేత్తో పట్టుకోవద్దని మాత్రం రాశారు.

మీ దాంట్లో డీప్ ఉండి, బ్రాకెట్లు పక్కదానికి ఉంటే ఫైల్లో డీప్ అని రాసి ఊరుకోకండి, రీబూట్‌తో పోతుంది. గ్రబ్‌లో (లైనక్స్‌ని బూట్ చేసే ప్రోగ్రామ్) కెర్నల్ లైన్‌కి, అంటే లైనక్స్ గుండెకాయకి ఇచ్చే ఆదేశాల లైన్‌కి, మెమ్ స్లీప్ డిఫాల్ట్ ఈక్వల్స్ డీప్ అన్న పారామీటర్ చేర్చాలి. ఇంటెల్ 11వ తరం నుంచి వచ్చిన చాలా మెషీన్లలో డీప్ అసలే ఉండదు. వాళ్లకి హైబర్నేటే గతి, అంటే ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్‌లో దాచి మెషీన్ పూర్తిగా ఆపేయడం.

బ్యాటరీ లిమిట్ కథా ఇంతే. రోజంతా ప్లగ్గులోనే ఉండే మెషీన్‌కి చార్జింగ్ 80 దగ్గర ఆపడం మంచిది. దానికి కెర్నల్‌లో ఫైలు ఏళ్ల తరబడి ఉంది. లైనక్స్‌లో మనకి కనిపించే డెస్క్‌టాప్‌లు రెండు ముఖ్యం: కేడీఈ వాళ్లు దాన్ని 2020లో సెట్టింగ్స్‌లోకి తెచ్చారు, గ్నోమ్‌లో 2025 దాకా లేదు. ఈలోగా మనవాళ్లంతా "లైనక్స్‌లో అది రాదు" అని తీర్పు చెప్పేశారు. రాకేం, వస్తుంది. ఏ మూల దాచారో చెప్పేవాడే లేడు.

ఆదివారం తిరుగు బస్సులో బ్యాగు మళ్లీ ఒళ్లోనే పెట్టుకున్నా. రెండుసార్లు చెయ్యి పెట్టి చూశా, చల్లగా ఉంది. మారతహళ్లిలో దిగి తెరిచా. బ్యాటరీ 88 ఉన్నది 85.

రూమ్మేట్ తన ఆఫీసు లాప్‌టాప్ బయాస్‌కి పాస్‌వర్డ్ ఉందని ఏడుస్తున్నాడు.