జీతాలు చిన్న ఊరివి, అద్దెలు రాజధానివి

హైదరాబాద్‌లో ఉండే మా చుట్టాలకు ఒక గట్టి నమ్మకం. "మీకేంట్రా, బెజవాడలో అద్దెలెంతని, హాయిగా బతికేస్తున్నారు" అంటారు. పటమటలో డబుల్ బెడ్‌రూమ్‌కి పద్దెనిమిది వేలు చెబుతున్నారంటే మాత్రం ఫోన్లో కాసేపు మాట రాదు. నేను ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపులో లెక్కలు రాస్తాను, మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు. ఇద్దరివీ కలిపినా నలభై వేలు దాటదు. అందులో సగం ఓనరు చేతిలో పెడితే పాలకీ, పిల్లాడి ఫీజుకీ, మా అమ్మ మందులకీ ఏం మిగలాలి? హైదరాబాద్‌లో అద్దెలు ఎక్కువే, కాదనను. అక్కడ జీతాలూ ఆ లెక్కలోనే ఉంటాయి. ఇక్కడ పెరిగింది ఒక్క అద్దే.

ఇదంతా 2014 తర్వాత మొదలైంది. రాజధాని ఇటే వస్తోందనగానే టు-లెట్ బోర్డుల మీద అంకెలు మారిపోయాయి. 2016లో సచివాలయం వెలగపూడికి వచ్చి, ఉద్యోగులు హైదరాబాద్ నుంచి దిగాక ఇంకాస్త పెంచారు. 2019లో అమరావతి పనులు ఆగిపోయాయి, ఆ ఏడాది చివర్లో మూడు రాజధానులన్నారు. అప్పుడైనా తగ్గాలి కదా? మా వీధిలో ఒక్క ఓనరూ వంద రూపాయలు తగ్గించిన పాపాన పోలేదు. 2024లో ప్రభుత్వం మారి మళ్లీ అమరావతి అనేసరికి ఆ పేరు చెప్పి ఇంకో పెంపు. రాజధాని ఎప్పటికి పూర్తవుతుందో గానీ దాని అద్దె మాత్రం మేం ఎప్పటినుంచో కడుతూనే ఉన్నాం.

పోనీ సింగ్‌నగర్ వైపు చూద్దామా అంటే, 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు ముంచింది అటువైపే. అయినా వెళ్లి ఒక ఇల్లు చూశాం. గ్రౌండ్ ఫ్లోర్, ఎనిమిది వేలు. హాల్లో కొత్త రంగు మెరిసిపోతోంది. బాత్రూమ్ తలుపు లోపలి వైపు చూస్తే గొళ్లెం దాకా బురద చార అలాగే ఉంది, అక్కడ బ్రష్ పడలేదు. "నీళ్లు ఎంతవరకు వచ్చాయండీ?" అనడిగితే, ఆ తలుపు పక్కనే నిలబడి "అబ్బే, పాదాలు తడిశాయంతేనండీ" అన్నాడాయన. పైన మొదటి అంతస్తు పోర్షన్‌కి రెండు వేలు ఎక్కువట. మునగని ఎత్తుకి కూడా రేటు కట్టేశారు.

అద్దె ఒక్కటే అయితే ఎలాగో సర్దుకోవచ్చు. అడ్వాన్స్, బ్రోకరుకి ఒక నెల అద్దె, మెయింటెనెన్స్, మోటారు బిల్లు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ డబ్బులు కోత. నివాసానికి రెండు నెలల అద్దెకి మించి అడ్వాన్స్ తీసుకోకూడదని కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టంలో రాశారు. ఓనరు దగ్గర ఆ మాట ఎత్తి చూడండి, ఇల్లు అప్పుడే వేరేవాళ్లకి ఇచ్చేశామంటారు. అగ్రిమెంటు మాత్రం పదకొండు నెలలకే. బ్యాంకులో పనిచేసే మా తమ్ముడిది ఇంకో తంటా. ఏడాది అద్దె లక్ష దాటితే హెచ్‌ఆర్‌ఏ (జీతంలో వచ్చే ఇంటద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు కోసం ఓనరు పాన్ నంబరు ఇవ్వాలి. వాడు కట్టేది పన్నెండు వేలు. "పాన్ అవీ వద్దులే బాబూ, నెలకి ఎనిమిది వేలకి రసీదు రాసిస్తా" అన్నాడు వాళ్ల ఓనరు. పన్నెండు ఎనిమిదులు తొంభై ఆరు, లక్ష లోపే. ఎక్కాలు బాగా వచ్చు పెద్దాయనకి.

వీటన్నిటికీ ముందు ఇంకో పరీక్ష ఉంది. "మీ ఇంటిపేరేంటండీ? సొంతూరెక్కడ?" మాటల్లో చాలా మర్యాద. అడిగేది కులమని ఇద్దరికీ తెలుసు. నచ్చిన జవాబు రాకపోతే "మా అబ్బాయిని అడిగి చెప్తాం" అంటారు. ఆ అబ్బాయి అమెరికాలో ఉంటాడు, ఎప్పటికీ ఫోనెత్తడు. బ్యాచిలర్లకైతే ఈ పరీక్ష దాకా కూడా రానివ్వరు, బోర్డు మీదే "ఫ్యామిలీకి మాత్రమే".

ఎన్నికలొస్తే ప్రతి పార్టీ సొంతిల్లు ఇస్తామంటుంది. సొంతిల్లు వచ్చేదాకా ఉండే ఇంటి గురించి ఒక్క నాయకుడూ మాట్లాడడు. అద్దెకుండేవాళ్ల ఓట్లు పాత అడ్రసులోనే ఉండిపోతాయి కాబట్టేమో.

ఆషాఢంలో ఎవరూ ఇల్లు మారరు కాబట్టి ఇల్లు ఖాళీగా ఉన్న ఓనర్లు అప్పుడు కాస్త మెత్తబడతారు. బేరమేదో అప్పుడే ఆడి, శ్రావణంలో దిగడమే మా ప్లాన్. కానూరు, యనమలకుదురు వైపు పదివేల లోపు పోర్షన్ ఏదైనా తెలిస్తే కింద చెప్పండి. ఇంటిపేరు అడగని ఓనరైతే ఇంకో ఐదొందలు ఎక్కువైనా చూస్తాం.