కాఫీ అమ్మితేనే నిలిచే పుస్తకం

1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం, 2015లో ఐఐటీ, సైన్సు విద్యా పరిశోధన సంస్థ ఐసర్ వెలసిన తిరుపతిలో, సాయంత్రం పూట కాఫీ తాగుతూ ఒక కథల సంపుటి తిరగేసి, నచ్చితే కొనుక్కొని, దాని గురించి పక్కవారితో నాలుగు మాటలు ఆడుకొనే చోటు కోసం వెతుక్కోవలసి రావడం చిన్న లోటు కాదు. పుస్తకాల దుకాణాలు లేక కాదు. వాటి అరలను గైడ్లు, ప్రశ్నల బ్యాంకులు ఆక్రమించాయి. నవల కావాలని అడిగితే కౌంటరు అవతలి కుర్రాడు ‘ఏ పరీక్షకు సార్?’ అంటాడు. తప్పు అతనిది కాదు, కదిలే సరుకే అతనికి కూడు పెడుతుంది.

పుస్తకం మీద ప్రచురణకర్త ఇచ్చే కమీషన్‌లోంచే, ఆన్‌లైన్ ధరలకు దీటుగా కొనేవారికి కొంత తగ్గించి, మిగిలిన దానితో అద్దె, కరెంటు, జీతాలు గట్టెక్కించాలి. యాత్రికుల వ్యాపారం అద్దెలను పెంచేసిన ఊళ్లో ఇది మరీ కష్టం. కవితా సంపుటి అరలో ఏడాదైనా కూర్చుంటుంది, ఉదయం తీసిన డికాక్షన్ మాత్రం సాయంత్రానికి డబ్బవుతుంది. అందుకే పుస్తకాల దుకాణం, కాఫీ కెఫే ఒకే కప్పు కింద ఉండాలంటున్నాం. వాషింగ్టన్‌లోని క్రేమర్‌బుక్స్ దుకాణం 1976లోనే పుస్తకాల పక్కన కెఫే నడిపింది. బెంగళూరులో అట్టగలాట అనే దుకాణం పుస్తకాలతో పాటు సాహిత్య సభలకూ చోటిచ్చింది. పుస్తకాలను గోడకు అలంకారంగా పేర్చి బిర్యానీ వడ్డించే హోటళ్లను మేము ఈ లెక్కలో వేయడం లేదు. బాలాజీ కాలనీ హాస్టల్ విద్యార్థి జేబుకు అందని ధరకు కాఫీ అమ్మే చోటూ మా దృష్టిలో ఇందుకు పనికిరాదు.

నగరపాలక సంస్థ తన వాణిజ్య సముదాయాల్లోని గదులను ఎక్కువ పాట పాడినవారికే కట్టబెట్టే పద్ధతిని ఒకటి రెండు గదుల విషయంలోనైనా సడలించి, సగం స్థలం తెలుగు పుస్తకాలకు, వారానికో సాయంత్రం కథా పఠనానికో చర్చకో ఉచితంగా కేటాయించాలన్న షరతుతో ఇలాంటి పుస్తకాల కెఫేలకు తక్కువ అద్దెకు ఇవ్వాలి. షరతు తప్పితే గది వెనక్కి తీసుకోవచ్చు. ఆస్తి పన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ప్రజలు కడుతూనే ఉన్నారు. ఆ సొమ్మును సకాలంలో గ్రంథాలయ సంస్థకు జమ చేసి, కొత్త పుస్తకాల కొనుగోలులో కొంత భాగాన్ని ఇలాంటి స్థానిక దుకాణాల ద్వారా జరిపితే, గ్రంథాలయానికి పుస్తకాలు, దుకాణానికి స్థిరమైన బేరం దొరుకుతాయి. వచ్చే బడ్జెట్ సమావేశంలోనే కార్పొరేషన్ ఈ ప్రతిపాదనను చర్చకు తేవాలి.