‘ఐదు నిమిషాల్లో మొదటి కాల్’ అన్న డెవలపర్ రిలేషన్స్ వారికి

బయటి ప్రోగ్రామర్ల బాగోగులు చూసే మహారాజశ్రీ డెవలపర్ రిలేషన్స్ విభాగం వారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ నా కోడ్ తప్ప మేమంతా క్షేమం.

శనివారం భోజనం ముగించి, ‘ఐదు నిమిషాల్లో మీ మొదటి ఏపీఐ కాల్’ అని, అంటే నా ప్రోగ్రాము మీ సర్వరును అడిగి జవాబు తెచ్చుకుంటుందని, మీ క్విక్‌స్టార్ట్ పేజీ పెద్ద అక్షరాలతో ఇచ్చిన హామీని నమ్మి కూర్చున్న నేను, వీధి దీపాలు వెలిగే వేళకు కూడా ‘అడిగింది దొరకలేదు’ అనే 404 దగ్గరే ఉన్నానని విన్నవించుకుంటున్నాను. 404 వస్తే ఎవరైనా ముందు తననే అనుమానించుకుంటారు కనుక, అక్షరం అక్షరం సరిచూశాను, మీ సర్వరులోకి రానిచ్చే రహస్య సంకేతమైన కీ మార్చాను, లైబ్రరీ తీసేసి మళ్లీ వేశాను, ఏ పాపమూ ఎరుగని ఇంటి వైఫైని తిట్టాను. తీరా చూస్తే మీ నమూనా కోడ్ పిలుస్తున్నది మీరే మూసేసిన రెండో వెర్షన్ ఎండ్‌పాయింట్‌ను, అంటే కాల్ చేరాల్సిన చిరునామాను.

శాశ్వతంగా తీసేసినదాని కోసం వెబ్ సంభాషణ నియమాలైన హెచ్‌టీటీపీలో 410 అనే జవాబు ఉంది. మూసే తేదీని ముందే చెప్పడానికి జవాబుతో పాటు పంపే సన్‌సెట్ అనే హెడర్‌ను 2019లోనే ఆర్ఎఫ్‌సీ 8594 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం నిర్వచించింది. ఆన్‌లైన్ చెల్లింపుల కంపెనీ స్ట్రైప్ వారు వెర్షన్ల పేర్లలో తేదీలు పెట్టి, పాత తేదీ మీద ఉన్నవారి కోడ్ విరగకుండా చూసుకుంటారు. అంత దూరం ఎందుకు, మా వీధి చివరి టైలరు కూడా ఊరెళ్లేటప్పుడు షట్టరు మీద కాగితం అంటించి వెళ్తాడు.

మీ స్టిక్కర్లు అందాయి. టీషర్టు బండి తుడవడానికి పనికొస్తోంది. హ్యాకథాన్‌లో పెట్టిన బిర్యానీకి వంక పెట్టను. కానీ పేజీలో పెట్టిన కోడ్‌ను విడుదలకు ఒక్కసారైనా నడిపి చూడాలని మీలో ఒక్కరికీ తోచలేదా? దానికో ఆటోమేటిక్ టెస్టు రాయడానికి ఎంతసేపు పడుతుంది? మీరు రాయని ఆ టెస్టును నా సెలవు రోజు పెట్టి నేను చేశానండీ, జీతం లేకుండా!

రాత్రి పదకొండింటికి మీ విభాగంలోనే ఒకాయన ఆరు లైన్ల సరైన కోడ్ పంపారు. నడపగానే ‘అంతా సవ్యం’ అనే 200 వచ్చింది. మూసేసిన సంగతి తమకే వారం తరువాత తెలిసిందని, పైవారు ఎంతమంది కీలు తీసుకున్నారని అడుగుతారే తప్ప వారిలో ఎంతమందికి 200 వచ్చిందని ఎన్నడూ అడగరని ఆయన రాస్తే, మధ్యాహ్నం నుంచి కూడబెట్టుకున్న తిట్లలో సగం మింగేశాను.

మిగతా సగం ఎందుకు దాచానంటే, ఆ ఆరు లైన్లు ఇవాళ్టికీ ఆయన సందేశంలోనే ఉన్నాయి. పేజీలో పాతవే ఉన్నాయి. ఇప్పుడే చూసి వచ్చాను.

ఇట్లు,
మీ లెక్కలో ‘ఒక కీ’